ఒంటికి మరుపు లేదు

రాధాకుమారి ఇంటి ముందు నుంచే నిజాంసాగర్ కాలువ పాయ పోతుంది. ఇంటి వెనక మూడెకరాల వరి మడి ఏడాదిలో తొమ్మిది నెలలు తడిగానే ఉంటుంది. ఆ రెండు నీళ్ల మధ్య కూర్చుని ఆమె నాలుగేళ్లు రోజుకు అర లీటరుతో బతికింది. పొద్దున్నే ఒక ప్లాస్టిక్ సీసా నింపి వంటింటి గట్టు మీద పెట్టుకునేది. టీ తాగినా, అన్నంలో చారు పోసుకున్నా, ఆ మేరకు సీసాలోంచి వంపేసేది. సాయంత్రానికి అడుగున రెండు గుక్కలు మిగిలేవి. వాటిని తాగేది కాదు. ఇంకా ఉన్నాయన్న ధైర్యం కోసం దాచుకునేది.

మా ఊరు చందూర్ దగ్గరి క్యాంపు. కాలువ నీటిని నమ్ముకుని కోస్తా నుంచి వచ్చిన మా పెద్దలు మొదట గుడారాలు వేసుకున్నారట. పెంకుటిళ్లు, డాబాలు వచ్చినా పేరు మారలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి చెరకు పండించాం, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి బళ్లు తోలాం, అది ఆగిపోయాక కలిసే వరికి మళ్లాం. పెళ్లి మాట వచ్చేసరికి మాత్రం మేం మేమే, వాళ్లు లోకల్ వాళ్లే. నేను ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రాధాకుమారి, ఆమె చెల్లెలు ఉదయశ్రీ ఇద్దరూ నా దగ్గర చదివినవాళ్లే.

ఉదయశ్రీ నిజామాబాద్‌లో మోటార్లకు వైండింగ్ చేసే లోకల్ కుర్రాడు నాగేందర్‌ను పెళ్లి చేసుకుంది. తల్లిదండ్రులు లేరు, అన్నయ్య ఉన్నా చెల్లెల్ని పెంచింది రాధే కాబట్టి, ఆ రోజు వాకిట్లో నిలబడి అనాల్సినవన్నీ ఆమే అంది. "నీ గడప తొక్కను. నీ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను" అంది. ఆ మాట విన్నవాళ్లలో నేనూ ఉన్నాను. 

ఏడాది తిరగకుండానే రాధకు కాళ్లు వాచాయి, ముఖం పాలిపోయింది. కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ఒంట్లో రక్తం సగానికి సగం పడిపోవడంతో వెంటనే ఎక్కించాలన్నారు. భర్త వెంకటసుబ్బారావు మెతక మనిషి, కానీ ఆ రోజు ఆస్పత్రిలో మొండికేశాడు. "ఎవరిదో ముక్కూ మొహం తెలియని రక్తం ఎందుకండీ? మేమంతా లేమా?" అని ముందు తనే చెయ్యి చాచాడు. తర్వాత అతని తమ్ముడు చక్రవర్తి, ఆ తర్వాత రాధ అన్నయ్య. గ్రూపులు కలిశాయి. ఇంత కలిసికట్టు కుటుంబం ఉండాలని క్యాంపంతా మెచ్చుకుంది.

ఉదయశ్రీ కూడా వచ్చింది. జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని మరీ మంచం దగ్గర నిలబడింది. రాధ గోడ వైపు తిరిగి, "దాన్ని పొమ్మనండి. మన వాళ్లది సరిపోతుంది" అంది.

ఆ తర్వాత డయాలసిస్. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు. తాగేది ఏదైనా రోజుకు అర లీటరు దాటొద్దన్నారు. తెల్లవారుజామున లేచి రెండు బస్సులు మారి నిజామాబాద్, మళ్లీ చీకటి పడేలోగా ఇల్లు. సూదుల కోసం ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ చెవి పెడితే తుమ్మెద మూలిగినట్టు వినిపించేది. "మాస్టారూ, కొట్టంలో గేదెకైనా పలుపు విప్పుతారు. నాకు ఇది రాత్రి కూడా మోగుతుంది" అనేది.

కిడ్నీ ఇస్తానని సుబ్బారావు ముందుకొచ్చాడు. పరీక్ష చేశారు. ఆమె రక్తం మీది తేటలో అతని తెల్లకణాలను వేసి చూస్తే అవి బతకలేదు. పెడితే ఆ పూటే పోతుందన్నాడు డాక్టరు. నెల తర్వాత అన్నయ్యకు చేశారు. అదే జవాబు.

"నేనేం పాపం చేశానండీ?" అని అడిగింది రాధ.

"పాపం కాదమ్మా, పిల్లల్ని కన్నావు. రక్తం ఎక్కించుకున్నావు. నీ ఒళ్లు అవన్నీ గుర్తు పెట్టుకుంది" అన్నాడాయన.

ఆ మాట ఆమెకు అంతుపట్టలేదు. నన్నడిగింది. నేను పుస్తకాలు తిరగేసి, నాకు అర్థమైనంత చెప్పాను. మన ఒంట్లో ప్రతి కణమూ పైన తన ఇంటి గుర్తు పెట్టుకుని ఉంటుంది. టీ కణాలు అనేవి ఆ గుర్తులు తడుముకుంటూ ఊరంతా తిరుగుతాయి. గుండె మీద ఉండే థైమస్ అనే చిన్న గ్రంథిలో వాటికి శిక్షణ. సొంత గుర్తును కరిచే రకమైతే దాదాపుగా అక్కడే చచ్చిపోతాయి, బయటికి రావు. బయటికి వచ్చినవి పరాయి గుర్తు కనిపిస్తే ఊరుకోవు. కొన్ని స్వయంగా చంపుతాయి, కొన్ని బీ కణాలను లేపుతాయి. ఒక్కో బీ కణం దగ్గర ఒక్కో అచ్చు ఉంటుంది. వచ్చిన గుర్తుకు సరిపోయే అచ్చు ఎవరి దగ్గరుందో ఆ కణం వేలకు వేలై, ఆ గుర్తుకు అంటుకునే విరుగుడును రక్తంలోకి వదులుతుంది. పని అయ్యాక చాలా చచ్చిపోతాయి. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి జ్ఞాపకం పట్టుకుని కూర్చుంటాయి. చిన్నప్పుడు పొంగు పోసినవాళ్లకు మళ్లీ పోయకపోవడం వాటి చలవే.

"మంచివేగా మరి?"

"మంచివే. కానీ కడుపులో బిడ్డ సగం తండ్రి గుర్తే కదమ్మా. ఇద్దరు పిల్లలతో సుబ్బారావు గుర్తు నీ ఒంటికి తెలిసింది. ఆ తర్వాత అతని రక్తమే ఎక్కింది. మీ అన్నయ్యది కూడా. పరాయి వాళ్లంటూ గట్టిగా నేర్చుకుంది. పిల్లల్లోనూ సగం సుబ్బారావు గుర్తే కాబట్టి వాళ్లదీ పనికిరాదు."

 "ప్రేమతో ఇచ్చిందే అడ్డం పడిందన్నమాట" అంది రాధ. లోపల సుబ్బారావు పళ్లెం కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఇంకెవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగినప్పుడల్లా సుబ్బారావు "లేరండి" అనేవాడు. రాధ పక్కనే ఉండి తల దించుకునేది. ఆ "లేరండి" ఎనిమిది నెలలు నడిచింది. ఒక ఎండాకాలం ఆదివారం, మనవరాలు బకెట్లో చేతులు పెట్టి ఆడుకుంటుంటే రాధ తట్టుకోలేక చెంబు ముంచుకుని గడగడా తాగేసింది. మరునాటికి ఊపిరాడక, కారులో పడుకోలేక, కూర్చునే నిజామాబాద్ చేరింది. ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి డాక్టరుతో తనే చెప్పింది: "నాకొక చెల్లెలుంది."

ఉదయశ్రీ సాయంత్రానికి వచ్చింది. "రక్తం వద్దన్నదానివి, ఏకంగా కిడ్నీకే ఎసరు పెట్టావే అక్కా!" అంది. నవ్వుతూనే అంది. రాధ కళ్లు మూసుకుంది.

వెనక నుంచి నాగేందర్ అందుకున్నాడు. "గా కిడ్నీ ఐదేండ్లు మా జొన్నరొట్టె తిన్నది వదినా. మీ క్యాంపు సన్నబియ్యం దానికి పడ్తదో లేదో, ముందే సూసుకోన్రి."

పరీక్షలో ఉదయశ్రీ కణాలు బతికాయి. గుర్తులు సగం కలిశాయి. కలవని సగం మీద రాధ రక్తంలో విరుగుడు లేదు. డాక్టరు కాగితాలు చూస్తూ, "అప్పుడు ఈవిడ రక్తం తీసుకోకపోవడమే మంచిదైంది. తీసుకుని ఉంటే ఈ దారి కూడా మూసుకుపోయేదేమో" అన్నాడు.

రాధను ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే. తప్పయిందని చెల్లెలి చేతులు పట్టుకుందామని నెల రోజులుగా మాటలు కూడగట్టుకుంది. ఆ తప్పే ప్రాణం నిలబెడుతోందని తేలాక, ఏమని క్షమించమంటుంది? "ఏడవడానికి కూడా దారి లేకుండా చేశాడు మాస్టారూ ఆయన" అంది నాతో.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. కిడ్నీ పని చేసింది. కానీ టీ కణాలు ఊరుకునేవి కావు. కలవని ఆ సగం గుర్తు ఏదో ఒకనాడు వాటి చేతికి తగులుతుంది. వాటిని మగతలో ఉంచడానికి పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మాత్రలు, బతికినన్నాళ్లూ. అవి మగతలో ఉంటే ఏ జలుబైనా, ఏ బూజైనా లోపలికి వచ్చేయొచ్చు. క్యాంపులో అప్పుడు కోతలు. రోడ్ల మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి, గాలి నిండా దుమ్ము. పైగా వారం వారం రక్తపరీక్ష. నిజామాబాద్ దాటొద్దన్నారు. అక్కడ ఇల్లున్నది ఒక్కరికే.

మొన్న చూడ్డానికి వెళ్లాను. నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ అవతల ఉదయశ్రీ ఇంటి ముందు గది, అందులో ఒక మంచం, మూతికి గుడ్డ కట్టుకుని రాధ. ఇద్దరం ఊచల మధ్య నుంచి మాట్లాడుకున్నాం.

"సూదుల పలుపు పోయి మాత్రల పలుపు వచ్చింది మాస్టారూ. ఎనిమిది ఎప్పుడవుతుందా అని గడియారమే చూస్తుంటాను."

"ఇంటికెప్పుడు?"

"ఇంకో నాలుగు నెలలన్నారు. అప్పుడు కూడా చూద్దాం అన్నారు."

కొత్త కిడ్నీకి రోజుకు మూడు లీటర్లు తాగించాలి. మంచం పక్క స్టూలు మీద కాచి చల్లార్చిన నీళ్ల జగ్గు, దాని మీద గంటల వారీ గీతలు. నాగేందర్ పెయింటుతో గీశాడట. లోపల నుంచి ఉదయశ్రీ వచ్చి జగ్గు వైపు చూసింది.

"పదకొండయింది. గ్లాసులో ఇంకా ఉందేం?"

రాధ గ్లాసెత్తి తాగింది. అలవాటు పోలేదు. అడుగున రెండు గుక్కలు ఉంచి కింద పెట్టింది.

ఉదయశ్రీ కదలకుండా అక్కడే నిలబడింది. రాధ ఆ గ్లాసును కాసేపు చూసింది. మళ్లీ ఎత్తి, ఆ రెండు గుక్కలూ తాగేసింది.