అంటుకునే గుణం

మా ఇంట్లో ఒక మాటను సగం విని మా మేనత్తను వేరుపెట్టారు. మిగతా సగం విన్నాక కూడా వేరుగానే ఉంచారు. మొదటిది తెలివితక్కువతనం అనుకుని ఊరుకోవచ్చు. రెండోదానికి నా దగ్గర క్షమ లేదు.

అత్త నాన్నకు అక్క. భర్త పోయాక మా ఇంటికి వచ్చి, చెప్పుల కార్ఖానాలో అడుగులు అతికించే పనిలో చేరింది. అక్కడ ఆమెను జిగురక్క అంటారు. తోలును గరుకు కాగితంతో రుద్ది, రెండు వైపులా సొల్యూషన్ పల్చగా పూసి, అది వేలికి అంటనంతగా ఆరాక గానీ నొక్కేది కాదు. మేస్త్రీ తొందరపెడితే, "ఆగవయ్యా, తర్వాత నీ నోటికి పూస్తా" అనేది. మా అమ్మ రెండో కాన్పయ్యాక కొన్నాళ్ళు మంచం పడితే నా చెల్లెలు చిట్టిని పెంచింది అత్తే. చిట్టికి ఆమె పక్కలో తప్ప నిద్ర పట్టదు.

అత్తకు రొమ్ములో ఒకచోట గట్టిపడిందని ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ అని తేలింది. ఫలితం వినడానికి అత్త, నాన్న, నేను వెళ్ళాం. డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పాడు.

"కణాల పైన గ్రాహకాలని ఉంటాయమ్మా. వాటితో ఒక కణం పక్క కణాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మీకొచ్చిన రకంలో ఆ గ్రాహకం పోయింది. అందుకే కణాలు విడిపోయి, ఒకదాని వెనక ఒకటి వరసకట్టి పక్క కండలోకి దూరుతున్నాయి."

ఆయన ఇది మొదలుపెట్టగానే నాన్న ఫోను మోగింది. నాన్న వరండాలోకి పోయి మాట్లాడి తిరిగి వచ్చేసరికి డాక్టరు ముగిస్తున్నాడు. "ఆ అంటుకునే గుణం... అదండీ అసలు సంగతి."

"నేను అతికించినవి ఊడలేదు గానీ, నాలోనివే ఊడొచ్చాయన్నమాట!" అంది అత్త. డాక్టరుకు నవ్వాలో మానాలో తెలియలేదు.

నేను మందుల కోసం ఆగాను. ఇంటికి వచ్చేసరికి అత్త పరుపు, పళ్ళెం, గ్లాసు మేడ మీది సామాన్ల గదిలోకి చేరాయి. విరిగిన కుర్చీల మధ్య అత్త పక్క వేసుకుంటోంది. కిందికి పరిగెత్తాను.

"ఏంటమ్మా ఇది?"

"మెల్లిగా మాట్లాడు. అంటుకునే గుణం ఉందని డాక్టరే చెప్పాడట. మీ నాన్న చెవులారా విన్నారు."

"లేదని చెప్పాడమ్మా! అది లేకపోవడమే జబ్బు!"

"అంటుకోకపోతే జబ్బెలా అవుతుందిరా?"

నాన్న అందుకున్నాడు. "పది తప్పినవాడివి. పాత పుస్తకాలు నాలుగు తిరగేసి నువ్వు డాక్టరువయ్యావేంట్రా?"

అవును, తిరగేశాను. కణం ఊరికే గాలిలో తేలదు. కొన్ని గ్రాహకాలు పక్క కణాన్ని పట్టుకుంటాయి, కొన్ని తన కింది పొరను. ఆ రెండో రకం ఉత్త కొక్కేలు కావు. పట్టు దొరికిందని కణం లోపలికి కబురు పంపుతాయి, ఆ కబురు అందితేనే కణం బతుకుతుంది, పెరుగుతుంది. పట్టు తప్పిన మంచి కణం తనంతట తాను చచ్చిపోతుంది. క్యాన్సర్ కణానికి ఆ మర్యాద లేదు. పట్టు తప్పినా బతుకుతుంది, కొత్తచోట కొత్త పట్టు వెతుక్కుంటుంది, దాన్ని ఆసరా చేసుకుని ముందుకు పాకుతుంది. ఇదంతా జరిగేది ఒకే ఒంటిలో. పక్కన పడుకున్న పిల్ల ఒంట్లోకి అది దూకదు. ఈ చివరి రెండు ముక్కలు చెప్పడానికి గొంతు చించుకున్నాను. అమ్మ చారుకు పోపు వేసుకుంటూ పోయింది.

మర్నాడు అమ్మానాన్నలిద్దరినీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. విన్నాక ఆయన నొసలు కొట్టుకున్నాడు.

"అంటుకోవడమంటే కణానికీ కణానికీ మధ్యనండీ! మనిషికీ మనిషికీ కాదు. ఇది సోకదు."

"మరి పిల్ల పక్కలో పడుకుంటే?" అంది అమ్మ.

"పడుకోనివ్వండి. ఆవిడకీ బాగుంటుంది."

హమ్మయ్య అనుకున్నాను. ఇంటికి రాగానే పరుపు దించడానికి మెట్లెక్కబోతే అమ్మ అడ్డం వచ్చింది.

"ఉండనీరా, ఆపరేషన్ అయ్యేదాకా. ఎందుకైనా మంచిది."

ఎందుకైనా మంచిది! తప్పని తెలిసిన పనిని ఆపకుండా చేసుకుపోవడానికి ఇంతకంటే పిరికి మాట ఇంకోటి ఉందా? నాన్న వైపు చూశాను. ఆయన పేపరు తెరిచాడు.

మేడ మీద చిట్టి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. అత్త గోడకు జరిగి కూర్చుంది.

"దగ్గరికి రాకు కోడలా. కిందికి పో."

చిట్టి ఏడుస్తూ దిగిపోయింది. నా కోపం అత్త మీదికి మళ్ళింది.

"నువ్వు కూడా నమ్మావా అత్తా?"

"నమ్మడానికి నాకేం మతి పోయిందా అల్లుడూ? రేపు దానికి రొంప పట్టినా మీ అమ్మ నా నెత్తినే రుద్దుతుంది. అప్పుడు ఈ గుమ్మం దాకా కూడా రానివ్వరు."

ఆపరేషన్ అయింది. కార్ఖానాలో మిషను కుట్టే ఆవిడ రోజూ ఆసుపత్రికి వచ్చి అత్త మంచం మీదే కూర్చుని, ఆమె తాగిన గ్లాసుతోనే టీ తాగేది. ఇంటికి పంపే రోజున నాన్న ఆటో పిలుచుకొచ్చాడు. అమ్మ చిట్టిని పట్టుకుని వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"కింది గదే సర్దించానక్కా," అన్నాడు నాన్న. "నీకు విడిగా, హాయిగా ఉంటుంది."

"మరి చిట్టి?"

నాన్న అమ్మ వైపు చూశాడు. "మెల్లిగా చూద్దాం వదినా," అంది అమ్మ.

"చూసుకోండి, తొందరేం లేదు. నేను కుట్టుమిషనావిడ ఇంటికి పోతున్నాను. వాళ్ళిల్లు ఒక్కటే గది. విడిగా ఉంచుదామన్నా చోటు లేదు."

"అక్కా, నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారురా? అంటుకునే జబ్బనుకుంటారు. నువ్వే చెప్పావుగా."

నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పరా."

చిట్టి అప్పటికే అమ్మ చెయ్యి విదిలించుకుని అత్త ఒళ్ళోకి ఎక్కేసింది. "అటువైపు కాదే, కుట్లున్నాయి," అని అత్త దాన్ని కుడివైపుకు జరుపుకుంది. అమ్మ వెళ్ళి దాని జబ్బ పట్టుకుంది.

"వదులమ్మా," అన్నాను. వార్డంతా తిరిగి చూసేలా అరిచాను. "ఆటో వచ్చేదాకానైనా వదులు!"

వదిలింది. ఆటో అప్పటికే బయట వచ్చి నిలబడే ఉందని నాకూ తెలుసు, నాన్నకూ తెలుసు. ఆయన కూడా చెప్పలేదు.