ఉడత జేబులో తాళంచెవి

అతన్ని అందరూ ఉడత అంటారు. పాతికేళ్ళ వయసులో, ఒంటి మీద పిడికెడు కండ లేని రోజుల్లో పెట్టిన పేరది. ఇప్పుడు యాభై ఆరు దాటాయి, పొట్ట బెల్టు మీంచి తొంగి చూస్తోంది, పేరు మాత్రం వదల్లేదు. రేడియో స్తంభం ఎక్కడం అతని ఉద్యోగం. ఎర్రదీపాలు మార్చాలి, తుప్పు గీకి రంగు వెయ్యాలి, సెల్‌ఫోన్ కంపెనీవాళ్ళు తగిలించిన డబ్బాల మీద కాకులు కాపురం పెడితే ఖాళీ చేయించాలి.

ఎక్కే ముందు ఒక పద్ధతి ఉంది. ప్రసారం ఆపేసి, యంత్రం తాళంచెవి తీసి ఎక్కేవాడి జేబులో వేస్తారు. మారు తాళంచెవి లేదు. మనిషి పైనుండగా కింద ఏ తెలివిగలవాడో మీట నొక్కితే పైవాడు మాడి మసైపోతాడు మరి. అంచేత ఉడత దిగి వచ్చేదాకా ఇంజనీరుగారంతటివాడు కూడా నోరు మూసుకుని కూర్చోవలసిందే. ఆ మహానుభావుడు తలెత్తి చూడనైనా చూడడు. చూస్తే కళ్ళు తిరుగుతాయి. స్తంభాలన్నిటికీ పెద్ద ఆయనే.

ఉడతకు పైన ఏ భయమూ లేదు. చిక్కంతా ఇంట్లోనే. అతను బూట్లు వేసుకుంటుండగానే భార్య రేడియో పెట్టేస్తుంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చినా మోగుతూనే ఉంటుంది. అందులో ఒకడు మాట్లాడతాడు. మిరప తెగుళ్ళ గురించి చెప్పినా తేనె కారే గొంతు. సెలవు రోజున మాత్రం రేడియో మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆ రోజు వాడికీ సెలవేమోలే అనుకునేవాడు ఉడత. తను ఎక్కి దిగే స్తంభం మీంచే వాడు తన వంటింట్లోకి దూరుతున్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోలేక ముప్పై ఏళ్ళు ఊరుకున్నాడు.

ఆ పొద్దున మాత్రం కడుపు మండింది.

"నేను గడప దాటేదాకైనా ఆగలేవా? నాకన్నా వాడే ముద్దొస్తున్నాడా?"

"చాల్లే సంబడం. ఆలస్యమవుతోంది, వెళ్ళిరా," అని ఆమె గొంతు ఇంకాస్త పెంచింది. తన గొంతు కాదు, రేడియోది.

ఉడత ఎక్కాడు, దీపం మార్చాడు, నలభై నిమిషాల్లో దిగాడు. తాళంచెవి ఇవ్వడానికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. తర్వాత సామాన్ల గది వెనక్కి వెళ్ళి, తీగచుట్ట మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ వంచుకున్నాడు. ఒక్క పూట వాడి నోటికి తాళం వేస్తే కొంపేం మునగదు అనుకున్నాడు. ఇంజనీరుగారు ఫోనులో ఎవరికో చెప్పడం వినిపించింది: "ఇంకా పైనే ఉన్నాడండీ. దీక్షగా పనిచేస్తున్నాడు." టీ ఎన్నడూ లేనంత రుచిగా ఉంది.

గంట గడిచింది. గేటు దగ్గర కాపలావాడు ఎవరినో ఆపుతున్నాడు. ఉడత గోడ పక్కనుంచి తొంగి చూశాడు. భార్య! జుట్టు విడిపోయింది, చేతులకు పిండి, ఒక కాలికే చెప్పు. కాపలావాణ్ణి తోసుకుని స్తంభం దగ్గరికి పరుగెత్తింది. పైకి చూడటం లేదు. స్తంభం మొదట్లో, గడ్డిలో వెతుకుతోంది.

ఉడత టీ పారబోసి గోడ ఇవతలికి వచ్చాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఏమే, నేనిక్కడున్నా!"

ఆమె వచ్చి అతని చొక్కా రెండు చేతులా పట్టుకుంది. "ఎప్పుడు దిగావు?"

"గంటైంది."

"గంటా! నీ మొహం మండ! రేడియో ఆగితే నువ్వెక్కినట్టు, మోగితే దిగినట్టు. ముప్పై ఏళ్ళుగా నేను వింటున్నది అదే కదయ్యా! నలభై నిమిషాలకు మించి ఎప్పుడైనా పట్టిందా నీకు?"

"మరి ఆ గొంతు..."

"ఏ గొంతు?"

ఆమె చొక్కా వదలకుండానే ఇద్దరూ యంత్రాల గదికి నడిచారు. ఇంజనీరుగారు ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి, తాళంచెవి మాత్రం అందుకున్నారు. యంత్రం గుర్రుమంది. కాపలావాడి రేడియోలో తేనెగొంతు పలికింది: "సాంకేతిక కారణాల వల్ల కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం."

ఆ సాంకేతిక కారణం ఆమె పక్కనే తల వంచుకుని నిలబడి ఉంది. అప్పుడు గాని ఆమె చొక్కా వదల్లేదు.