గట్టు ఎక్కడుంటే కోర్టు అక్కడే

మొన్న మా పక్కింటి కోడలు చేతిలో కాగితం పట్టుకుని వచ్చింది. నల్లజర్ల దగ్గర వాళ్ళ ఖాళీ స్థలంలోకి ఎవరో చొరబడి కంచె పాతేశాడట. "పిన్నిగారూ, అతనిది ఏలూరండి, కేసు కూడా ఏలూరులోనే వేయాలాండీ?" అని అడిగేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, ఒకప్పటి నా మీదే.

మా నాన్న నా పేర రాసిన ఎకరన్నర వరిచేను కొల్లేరు అంచున ఉండేది. దాని పక్కన చేపల చెరువు తవ్వించినాయన కాపురం ఏలూరులో. రెండో పంట దాళ్వా కోతలైన వారానికే నా గట్టు దాటించి పొక్లెయిన్ దింపాడు. అడ్డంగా వెళ్ళి నిలబడితే, "గట్టేగా అమ్మా, కావాలంటే నెత్తిన పెట్టుకుని పట్టుకెళ్ళిపోండి" అని నవ్వాడు. పనివాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మా వైపు ఎవరి మీద ఫిర్యాదున్నా ఆ మనిషి ఊరి పెద్దల దగ్గరికే వెళ్ళడం ఆనవాయితీ, వాళ్ళ మాటైతే వింటాడని. మా బావగారు కోర్టు సంగతీ అంతేననుకుని నన్ను ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడ ఒక ప్లీడరు గుమాస్తా పొలం ఏ కోర్టు కిందికి వస్తుందో చూడకుండానే ఫిర్యాదు రాసేశాడు, చదువురాని నేను వేలిముద్ర వేసేశాను. ఎనిమిది నెలలపాటు వాయిదా వాయిదాకీ బస్సెక్కి, క్యారేజీలో పెరుగన్నం పెట్టుకుని వెళ్ళి, కోర్టు వరండాలో కూర్చుని వచ్చాను.

చివరికి మేజిస్ట్రేటుగారు కాగితాలు తిప్పి ఇచ్చేశారు. అక్రమంగా చొరబడిన కేసు చిన్నదే, ఏ మేజిస్ట్రేటైనా విచారించవచ్చునట. కాకపోతే ముద్దాయి ఎక్కడుంటాడన్నది కాదు, చొరబడిన నేల ఏ కోర్టు కిందికి వస్తుందన్నదే లెక్కట. నా నేల తాడేపల్లిగూడెం కోర్టు కిందిది. పొలం ఉన్న ఊరి పేరు ఆ ఫిర్యాదు మొదటి వరుసలోనే ఉందని అప్పుడు చెప్పారు! ఎనిమిది నెలలు దాని నకలు నా ఒళ్ళోనే ఉంది.

గూడెంలో మళ్ళీ వేసేసరికి చెరువాయన గట్టు కోయించి నీళ్ళు పెట్టేశాడు. కొలవడానికొచ్చిన సర్వేయరు ఎదుట నేను ఒడ్డున నిలబడి నీళ్ళలోకి వేలు చూపించాను. మోకాలి లోతున చేపపిల్లలు తిరుగుతున్న చోట గట్టెక్కడని ఆయన మాత్రం ఏం రాస్తాడు? హద్దు రుజువు కాలేదని కేసు కొట్టేశారు.

ఆ ఏడే, నలభై దాటాక, మా తోటికోడలి దగ్గర పలక పట్టాను. ఊళ్ళో నవ్వినవాళ్ళని నవ్వుకోమన్నాను. కూడబలుక్కుని నేను మొదట చదివింది ఆ తిప్పి ఇచ్చిన ఫిర్యాదు నకలునే.

పక్కింటి పిల్లకి దరఖాస్తు నేనే రాసిచ్చాను. అన్నిటికంటే ముందు స్థలమున్న ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి, ముందు అక్కడి కోర్టేదో కనుక్కో, కంచె పాతినవాడి ఊరితో నీకేం పనని కసిరాను కూడా.

ఇప్పుడు ఆ దారిన బస్సులో వెళ్తే చేలు కనిపించవు, ఎటు చూసినా చెరువులూ, చేపలకి గాలి అందేలా నీళ్ళు చిలుకుతూ గిరగిరా తిరిగే ఏరేటర్లూను. నా చేను సర్వే నంబరు చూడకుండా రాయగలను. అన్నం గంప నెత్తిన పెట్టుకుని నేను నడిచిన గట్టు ఆ నీళ్ళలో ఎక్కడో మాత్రం నాకూ తెలియడం లేదు.