లండన్ గడియారానికి దారి

నా చిన్నప్పుడు, నేను ఐదో తరగతిలో ఉండగా, నిజాంపేటలో మేం కిరాయికున్న భవనం పై అంతస్తులో ఆదివారం మధ్యాహ్నాలు ఇంగ్లీషు తరగతి జరిగేది. చెప్పేది పక్కింటి అక్క. గోదావరి వైపు నుంచి వచ్చి ఒక బడిలో టీచరుగా పనిచేసేది. నేర్చుకునేవారు ఆఫీసు భవనాల్లో ఊడ్చి తుడిచే ఏడెనిమిది మంది ఆడవాళ్లు. వారిలో మా అమ్మ ఒకరు. నేను ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నదాన్ని కనుక వెనక కూర్చుని, ఎవరూ అడగకుండానే అందరి తప్పులూ దిద్దేదాన్ని.

ఒక ఆదివారం నాటి మాట. మర్నాడే అమ్మకు పరీక్ష. రాయదుర్గంలో ఆమె పనిచేసే భవనానికి లండన్ నుంచి అతిథులు వస్తుంటారు. వారిని పలకరించి దారి చూపడానికి, పరీక్ష పెట్టి రిసెప్షన్ బల్ల దగ్గర ఒకరిని కూర్చోబెడతామని సూపర్‌వైజర్ చెప్పాడు. నేల తుడిచే కర్ర పక్కన పెట్టే అవకాశం అమ్మకు అంతకు ముందెన్నడూ రాలేదు. అందుకే అక్క ఆ రోజు లండన్ పాఠం పెట్టింది. రాజభవనం, తెరుచుకునే వంతెన, బిగ్ బెన్ గడియారం బొమ్మలు గోడకు అంటించి, తెలుగులోనైనా సరే, తలా ఒక ప్రశ్న అడగమంది.

అమ్మ లేచి గడియారం వైపు చూపి, “మేడం, ఇది ఏ పిల్లర్ నంబర్ కాడుంటది?” అంది.

మా నగరంలో మెట్రో రైలు వంతెన స్తంభం నంబరు చెప్తే తప్ప చిరునామా చెప్పినట్టు కాదు. అమ్మ దృష్టిలో మొదట అడగవలసిన ప్రశ్న అదే. నేను మాత్రం “లండన్ల గూడ మన పిల్లర్లుంటయా అమ్మా!” అని పగలబడి నవ్వాను. నాతోపాటు గదంతా నవ్వింది. అమ్మ నోటుబుక్కు మూసేసింది.

“ఇగ చాలు తియ్. రేపు పరీక్షకు పోను. ఆడ గూడ గిట్లనే నవ్వుతరు.”

అక్క నన్ను కోప్పడలేదు. ముందుకు పిలిచి, “నువ్విప్పుడు లండన్ నుంచి దిగిన దొరసానివి. ఆంటీని వాళ్ల ఆఫీసుకి దారి అడుగు” అంది. అడిగాను. అమ్మ మూసిన నోటుబుక్కును పక్కన పెట్టింది. తరువాత చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కలతో, ఏ స్తంభం దగ్గర దిగాలో, సందర్శకుల గేటు ఏదో, ఏ లిఫ్టు ఆరో అంతస్తులో ఆగదో చెప్పింది. వ్యాకరణం కుదరలేదు. కానీ ఆ మాటలు విన్నవారు దారి తప్పే వీలూ లేదు.

తరువాత నా వంతు. రాజభవనం నుంచి గడియారానికి దారి చెప్పమంది అక్క. నేను గడియారం ఎత్తు, గంట బరువు గడగడా అప్పజెప్పాను.

“బానే ఉంది. దొరసాని ఎటు తిరగాలి మరి?”

నేను మళ్ళీ గడియారం ఎత్తు దగ్గర మొదలుపెట్టాను.

అక్క అమ్మవైపు తిరిగి, “నాకూ తెలీదండీ ఆంటీ. నేనూ లండన్ చూళ్ళేదు. మ్యాప్ చూసి వచ్చే వారం చెప్తాను” అంటూ అమ్మ ప్రశ్నను బోర్డు మీద రాసింది.

సోమవారం అమ్మ పరీక్షకు వెళ్ళింది. ఆ బల్ల వేరొకరికి దక్కింది. అయినా తరువాతి ఆదివారం తరగతిలో ప్రశ్న అడగడానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆమే.

ప్రత్యర్థి ప్రశ్నను నవ్వులపాలు చేసి గెలవడం ఎంత సులువో కళాశాల చర్చాపోటీల్లో తెలుసుకున్నాను. ఆ విద్య నాకూ బాగానే వచ్చు. అయితే సభలో నవ్వు మొదలవుతుండగా, ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసా అని ముందు చూసుకుంటాను. తెలియకపోతే ఆ మాటే మైకులో చెబుతాను. అలా చెప్పి కొన్ని పోటీలు ఓడిపోయాను. వాటిని గెలిచి ఉండవలసిందని మాత్రం ఇంతవరకు అనిపించలేదు.