జీపు చక్రం కింద నిమ్మకాయలు

ర్యాంపు మీద కారెక్కించాక వెనక చక్రాలకు అడ్డం పెట్టాలా అని అడిగావుగా నాన్నా, తప్పకుండా పెట్టాలి. నువ్వు పంపిన వీడియోలో నీ ర్యాంపులు చూస్తే, పాత సంగతొకటి గుర్తొచ్చి నాకిప్పటికీ ఒళ్లు మండుతోంది.

నా చిన్నప్పుడు పర్చూరులో మా బాబాయి జీపు ముందు చక్రాలను ఏటవాలు చెక్కల మీదికెక్కించి, ఆయిలు మార్చడానికి కిందికి దూరబోయాడు. వెనక చక్రాల కింద పూజ చేసిన నిమ్మకాయలే ఉన్నాయి.

"బాబాయ్, రాయి పెట్టు, జారుద్ది!"

"నిమ్మకాయలున్నాయిగా! అపశకునం మాటలేంటే?"

తల దూర్చేలోపే జీపు నిమ్మకాయలను చిదుముతూ వెనక్కి జారింది. ముందు చక్రం అతని చొక్కా అంచు మీదుగా పోయింది.

లేచి, "దీని నోరే అంత!" అన్నాడు. నేనూ నమ్మాను. నేనేమన్నా అంటే అదే జరుగుద్దని కొన్నాళ్లు పొయ్యి దగ్గర, బావి దగ్గర నోరు విప్పలేదు.

పెద్దయ్యాక ఆ మాటెందుకన్నావని అడిగితే నవ్వి తప్పించుకున్నాడు. రాయి పెట్టమన్న నోరు చెడ్డదైతే, పెట్టని చెయ్యి మంచిదెలా అయింది?