మేష్ట్రు నేర్పిన సాకు

నిన్న సాయంత్రం చింతామణిలో మా వంటింట్లో చెనక్కాయలు వేయిస్తున్నాను. ఆ కమ్మటి వాసన కిటికీ దాటిందో లేదో, ఎదురింటి కుక్క గొంతెత్తింది. ఇంటాయన కుక్కను కసిరాడు. పాప నిద్ర చెడగొడతారా అని ఆయన్ను భార్య కసిరింది. నేను గరిటె పక్కన పెట్టి పకపకా నవ్వాను. ఆ నవ్వు నాకు కృష్ణప్ప మేష్ట్రు ఇచ్చిపోయింది.

మేష్ట్రు కర్ణాటక సరిహద్దు ఊరు బాగేపల్లిలో మా పక్కింటివారు. జీవితమంతా బడిలో కన్నడం చెప్పారు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. క్లాసులో గోల పెరిగేకొద్దీ ఆయన గొంతు తగ్గేదట. ఏం చెబుతున్నారో వినాలని పిల్లలే నోరు మూసుకునేవారట. నాకు ఆయన దగ్గర చదివే భాగ్యం దొరకలేదు. మా పిడుగు చదివింది.

పిడుగు మా కుక్క. నేను కాలేజీలో పీయూసీ చదువుతుండగా దాన్ని తెచ్చుకున్నాం. పేరు పెట్టిన వేళావిశేషమేమో, సైకిలు పోయినా, కాకి వాలినా, ఎదురింటావిడ చీర దులిపినా మొరిగేది. మేడ మీద మా ఇంటి ఓనరు శివప్పగారికి అప్పుడే మనవడు పుట్టాడు. బిడ్డకు కునుకు పట్టడం, పిడుగు అందుకోవడం. మొరిగే కుక్క కరవదని నాన్న సర్దిచెప్పబోతే, కరిస్తే ఒక్కసారితో పోయేది కదప్పా అన్నారాయన. ఉగాదిలోగా కుక్కయినా పోవాలి, మేమైనా ఇల్లు ఖాళీ చేయాలి అని గడువు పెట్టారు. నాన్న పాతపాళ్యలో మామయ్య చేని దగ్గర కట్టేసి వద్దామన్నాడు. ఎండలో, గొలుసుకు కట్టిన పిడుగును తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

అలాంటి రోజుల్లో మేష్ట్రు మా గుమ్మంలోకి వచ్చారు. ఈయన కూడా తగాదాకే వచ్చారనుకున్నాం.

"మీ ఇంట్లో ఎన్ని కుక్కలుండాయమ్మా?" అని అడిగారు.

ఒకటేనన్నాను.

"నాకు నాలుగు వినిపిస్తాండాయే."

మిగతా మూడూ ఎవరో తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. పిడుగు మొరిగితే నాన్న, నేను, అవ్వ ముగ్గురం ఒక్కసారిగా అరిచేవాళ్లం. అందరిలో అవ్వదే పెద్ద గొంతు. మేమూ తనతో పాటు మొరుగుతున్నామని పిడుగు ఇంకా రెచ్చిపోయేది.

ఆ తర్వాత మేష్ట్రు రోజూ మా అరుగు మీద కూర్చుని, కాఫీ తాగుతూ పిడుగును గమనించేవారు. గేటు ఊచల్లోంచి పిడుగుకు వీధంతా కనబడేది. వీడు మొరిగేవాడు, ఎవరి దారిన వాళ్లు పోయేవారు. "తానే తరిమినానని వాని లెక్క. పొద్దస్తమానం డ్యూటీలో ఉండాడు పాపం" అన్నారు. గేటు కింది సగానికి గోనెపట్టలు కట్టించారు. పొద్దున్నే వాణ్ణి దూరంగా నడిపించమని నాకు పురమాయించారు. అలిసిన కుక్క మధ్యాహ్నం సుఖంగా పడుకునేది. అసలు మొరగకుండా చేయమని నేను అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. మొరగడం వాడి మాట, మాటే వద్దనకూడదు, ఎక్కువైనప్పుడు చాలంటే చాలన్నారు.

ఆ చాలు అనే మాట ఆయన కన్నడంలో నేర్పారు. నెమ్మదిగా "సాకు" అనడం, వాడు ఊరకుండగానే చిన్న రాగిముద్ద ఉండ నోట్లో పెట్టడం. అవ్వ కదిరి పక్కనుంచి మా దగ్గరకు కొత్తగా వచ్చింది, కన్నడం రాదు. మేష్ట్రు పదేపదే సాకు, సాకు అంటుంటే మనసు కష్టపెట్టుకుంది.

"సాకతానే ఉండాం కదప్పా, ఇంకెట్ల సాకేది?" అంది.

మేష్ట్రు నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అర్థం తెలిశాక అవ్వ కూడా నవ్వింది. ఆ పూట నుంచి పిడుగుకు ఆమే పంతులమ్మ, ముద్దలో సగం వాడికే పోయేది.

ఉగాది ముందు శివప్పగారు తేల్చుకోవడానికి వచ్చారు. ఆయన చంకలో మనవడు నిద్రపోతున్నాడు. గేటు తీయగానే పిడుగు భౌమన్నాడు. నాన్న అరవబోతే అరుగు మీదున్న మేష్ట్రు చెయ్యి పట్టుకుని ఆపారు. అవ్వ కూర్చున్న చోటు నుంచి లేవకుండా, పిల్లవాణ్ణి జోకొట్టే గొంతుతో "సాకు నాయనా" అంది. పిడుగు ఆమెను చూశాడు, గుర్రుమన్నాడు, పోయి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. చంకలో బిడ్డ కదలనైనా లేదు. శివప్పగారు కుక్కను, అవ్వను మార్చి మార్చి చూశారు.

"సరేమ్మా, సాక్కోండి" అన్నారు.

నేను పిడుగును కావలించుకుని ఏడ్చేశాను. వాడు మాతోనే ముసలివాడయ్యాడు. మేష్ట్రు పోయిన రోజు వాళ్ల గుమ్మం ముందు పడుకుని ఒక్కసారి కూడా మొరగలేదు. ఆయన లేని అరుగు నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది.

మా తెలుగులో సాకు చెప్పడమంటే తప్పించుకోవడం. మేష్ట్రు సాకు అలాంటిది కాదు. మొన్న మా అమ్మాయి లెక్కల పుస్తకం విసిరికొట్టి గొంతు చించుకుంది. నేను అంతకు రెండింతలు అరవబోయి, ఆగి, మెల్లగా "సాకు" అన్నాను. అది టక్కున నోరు మూసి, నన్ను గదమాయిస్తున్నావా అని కళ్లెర్రజేసింది.

"నిన్ను కాదే, నన్ను" అన్నాను. దాని పక్కన కూర్చుని, ఏ లెక్క దగ్గర భయమేసిందో అడిగాను.