కత్తిరించిన అర అక్షరం

కంప్యూటరుకు తాళజ్ఞానం ఉండదని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు సరికదా, మనిషి కంటే దానికే ఎక్కువ ఉందని మా మరిది నన్ను నమ్మించాడు. పటమట మెయిన్ రోడ్డు మీద ఇంటర్నెట్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. మా మామగారికి ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉండేది. మా మరిది ఆ షెడ్డు వైపు కన్నెత్తి చూడకుండా, ఇంటి ముందు గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని పెళ్లి సీడీలు, వెబ్ పేజీలు చేసేవాడు. నేను మేడ మీద పిల్లలకు కూచిపూడి నేర్పేదాన్ని. కింద కీబోర్డు, పైన గజ్జెలు, మధ్యలో మా అత్తగారి తలనొప్పి.

నాట్యం మీద ఒక పేజీ చేద్దామన్నది అతని ఆలోచనే.

"వదినా, మాస్టారి గొంతుకి ఒక బటన్, నీ తాళాలకి ఒక బటన్, మృదంగానికి ఒక బటన్. ఎవరికేది కావాలంటే అది నొక్కుకుంటారు. జతికి తగ్గట్టు బొమ్మ అడుగులేస్తది. నువ్వు లేకపోయినా పిల్లలు ప్రాక్టీసు చేసుకోవచ్చు."

నేను లేకపోయినా అన్నమాట నాకు నచ్చలేదు గానీ, మాస్టారి గొంతు అనేసరికి మెత్తబడ్డాను.

మాస్టారంటే నాకు నాట్యం నేర్పిన గురువుగారు. కూచిపూడిలోనే పుట్టి, కూచిపూడిలోనే ఉంటారు. అప్పటికి డెబ్బయి దాటాయి. నాట్యం జరుగుతుంటే పక్కన కూర్చుని, చేతిలో కంచు తాళాలు వాయిస్తూ, నోటితో తకధిమి జతులు చెబుతూ నడిపించే పనిని నట్టువాంగం అంటారు. అందుకు ఆయన పెట్టింది పేరు. వాళ్ల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. నట్టువాంగం చేసే మనిషి నలుగురిలో ఒక్కసారి తాళం తప్పితే చాలు, ఆ రోజే ఆ తాళాలు శిష్యుల చేతిలో పెట్టేయాలి. ఇక ముట్టుకోకూడదు. మాస్టారి గురువు అలాగే పెట్టేశారట. ఆ తర్వాత ఆ పెద్దాయన పెద్దగా మాట్లాడిందీ లేదు, ఎక్కువకాలం బతికిందీ లేదు. మాస్టారికి ప్రపంచంలో ఉన్న భయం అదొక్కటే. "కళ్లు పోయినా పర్లేదమ్మా, తాళం పోకూడదు" అనేవారు.

ఆదివారం ఆటోనగర్ మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజే రికార్డింగు పెట్టుకున్నాం. మిగతా రోజుల్లో అయితే లారీ బాడీలు కొట్టే సుత్తి దెబ్బలు మా ఇంటిదాకా వినిపిస్తాయి. కిటికీలకు పరుపులు అడ్డం పెట్టి, ముందు నేను తాళాలు వాయించాను. మాస్టారు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నా తాళం వింటూ, విడిగా జతులు చెప్పారు. ఆయన చెప్పే జతుల అందమంతా మొదలుపెట్టడంలో ఉంది. తాళం పడగానే ఎత్తుకోరు. అర అక్షరం ఆగి ఎత్తుకుంటారు. అక్షరమంటే రాసేది కాదు, తాళంలో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఉండే కాలం. అందులో సగం ఆగి, ఊరించి, అప్పుడు అందుకుంటారు. ఆ రోజు ఒక్క జతి కూడా అటూ ఇటూ కాలేదు. వాయించింది నేనే కాబట్టి నాకు తెలుసు.

తర్వాత మా మరిది పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి రోజుకో విడ్డూరం. ఇంట్లో చక్కగా ఆడిన బొమ్మ, రోడ్డు మీది ఇంటర్నెట్ సెంటర్లో కాలెత్తిందే గానీ దించలేదు. నేను నిర్ఘాంతపోయాను. అడుగు పడని కూచిపూడి ఎక్కడైనా ఉంటుందా? తీరా చూస్తే, ఆ సెంటర్లోని మిషన్లు నిదానం. శబ్దంతో సమంగా పరిగెత్తలేక, మధ్యలో కొన్ని బొమ్మల్ని వదిలేస్తున్నాయి. కాలు నేలను తాకే బొమ్మ ఒకే ఒక్క ఫ్రేములో ఉండటంతో అదే ఎగిరిపోతోంది. మా మరిది దాన్ని వరసగా మూడు ఫ్రేముల్లో పెట్టాడు. ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. అప్పటికి అడుగు పడింది. తాళాలకి బటన్‌గా పెట్టిన బొమ్మ మధ్య ఖాళీలో నొక్కితే పలికేది కాదు. దాని మీద కంటికి కనపడని గుండ్రటి బటన్ పరిచాడు. పేజీ పూర్తిగా దిగేలోపు జనం విసుక్కుని వెళ్లిపోకుండా, ఒక్కో గజ్జె వచ్చి పట్టీకి చేరే బొమ్మ పెట్టాడు. తిట్టుకుంటూనే మెచ్చుకునేదాన్ని. ఇలాంటి కిటుకులు అతని దగ్గర బోలెడు.

అన్నీ సిద్ధమయ్యాక ఒక పిల్ల తండ్రి వచ్చి చూస్తానన్నాడు. మాస్టారి గొంతు బటన్ నొక్కాడు. వెంటనే వినపడలేదని మళ్లీ నొక్కాడు. ఒక మాస్టారు మొదలుపెట్టారు, ఆయన వెనకాలే ఇంకో మాస్టారు తరుముకుంటూ వచ్చారు. ఇద్దరూ కలిసి చెప్పిన జతి వినలేక చెవులు మూసుకున్నాను.

"కంగారుపడకు వదినా, రేపు ప్రారంభం టైముకి సెట్ చేసేస్తా" అన్నాడు మా మరిది.

మర్నాడు మేడ మీద చాపలు పరిచి, కంప్యూటరు పైకి తెచ్చి పెట్టాం. మాస్టారు పట్టుపంచె కట్టుకుని, తాళాల సంచీ చంకన పెట్టుకుని బస్సులో వచ్చారు. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు గది నిండా కూర్చున్నారు. గొంతూ తాళాలూ కలిసి మోగేలా పెట్టి, మాస్టారి చేతే మౌసు నొక్కించాం. జతి మొదలవగానే ముందు వరసలోని పిల్లలు లేచి దానికి ఆడారు. అందరూ మురిసిపోతున్నారు.

నాకు మాత్రం తేడా తెలిసిపోయింది. తాళమూ గొంతూ ఒకేసారి పడ్డాయి. అర అక్షరం లేదు. అక్కణ్ణుంచి జతిని ముగించే ప్రతి ముక్తాయింపూ తాళానికి ముందే వచ్చి పడుతోంది. మాస్టారి వైపు చూశాను. తొడ మీద తాళం వేస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఇంకోసారి పెట్టమ్మా" అన్నారు.

పెట్టాను. చెయ్యి ఈసారి లేవనే లేదు. ఆయన మెల్లగా సంచీ విప్పి, తాళాలు తీసి, కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టారు. గదిలో ఉన్నవాళ్లంతా అదేదో సన్మానం అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"మాస్టారూ, మీరు తప్పలేదండీ. ఆ రోజు తాళం వేసింది నేను. ఇది మిషన్ తప్పండీ" అన్నాను మెట్ల మీద ఆయన వెంటపడి.

"మిషనెందుకు తప్పుద్దమ్మా? నేను చెప్పిందే అది చెప్పుద్ది. అద్దం అబద్ధమాడుద్దా?"

"ఒక్కసారి నా మాట వినండి."

"నన్ను ఓదార్చబాకమ్మా. వయసైపోయింది, అంతే."

ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్లిపోయారు. కాఫీ కూడా తాగలేదు.

నేను పైకి వెళ్లి మా మరిది మీద విరుచుకుపడ్డాను. ఏం చేశావురా నాయనా దాన్ని, అని అడిగితే తెల్లమొహం వేశాడు.

"ఏం మార్చలేదు వదినా. ఫైళ్ల మొదట్లో ఉన్న ఖాళీలు కోసేశానంతే. నొక్కగానే పలకాలంటే అందరూ చేసేదే అది. ఏమీ వినపడని ముక్కని ఎందుకు మోయటం? సైజు కూడా తగ్గింది."

"ఏ ఖాళీ?"

అసలు ఫైలు తెరిచి చూపించాడు. తెర మీద కొండలూ లోయల్లా మాస్టారి గొంతు. దానికి ముందు సన్నటి చదునైన గీత. కోసిన ఫైల్లో ఆ గీత లేదు. ఆయన యాభై ఏళ్ల సాధన ఆ గీతలో ఉంది. మా వాడికి అది చెత్తలా కనపడింది. అసలు ఫైళ్లు పారేయకుండా దాచాడు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు. గీతలన్నీ మళ్లీ పెట్టాడు. రెండుసార్లు నొక్కినా రెండో గొంతు లేవకుండా ఉండటానికి వేరే చిన్న ఏర్పాటు అందులోనే ఉందట. పాట నడుస్తుండగా మళ్లీ మొదలుపెట్టొద్దని చెబితే సరిపోతుందట. ఆ మాట ముందే తట్టి ఉంటే ఎంత బాగుండేదో అని తిట్టాను. తల వంచుకుని పడ్డాడు.

తెల్లారి కూచిపూడి బస్సెక్కాం. అతని ఒళ్లో సీపీయూ, నా ఒళ్లో దుప్పటి చుట్టిన మానిటరు. టీవీకి కూడా టిక్కెట్టు కొట్టాలేమోనని కండక్టరు వేళాకోళమాడాడు. నాకు నవ్వు రాలేదు. ఉయ్యూరు, పామర్రు ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. చేతి సంచీలో తాళాలు ఉన్నాయి. బస్సు కుదుపుకి అవి మోగినప్పుడల్లా నాకు ఏడుపొచ్చింది.

మాస్టారు అరుగు మీద గోడకి ఆనుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి కూడా పలకరించలేదు. ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి, "నిన్న వచ్చిన కాణ్ణుంచి మంచినీళ్లేనమ్మా. అన్నం ముట్టలేదు. ఏవైందో చెప్పరు" అంది.

వసారాలో కంప్యూటరు పెట్టి ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టాం. మా మరిది రెండు ఫైళ్లూ కిందా మీదా తెరిచి, కోసింది ఎక్కడో చూపించాడు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, తెర మీది ఆ చదునైన గీత మీద వేలు పెట్టారు.

"ఇదేంటి నాయనా?"

"ఖాళీ అండీ. అక్కడ మీరేం చెప్పలేదండీ."

"చెప్పలేదా? అక్కడే కదా నేను తాళాన్ని పట్టుకుంది."

మా మరిది మౌసు నా చేతికిచ్చాడు. నేను బటన్ నొక్కాను. తాళం పడింది. అర అక్షరం ఆగి, ఆయన గొంతు అందుకుంది. మాస్టారి చెయ్యి తొడ మీద లేచింది, పడింది, చివరి ముక్తాయింపు దాకా ఎక్కడా ఆగలేదు. తాళం మీద ముగిసింది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాయి. తుడుచుకోలేదు. నాకైతే పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సంచీలోంచి తాళాలు తీసి రెండు చేతులతో ఆయన ముందు పట్టాను.

ఆయన తీసుకోలేదు. నా మొహంలోకి చూశారు.

"నిన్న తప్పు మిషన్‌దే. సరే. మరి నీ పిల్లలు దానికి ఆడారు కదమ్మా?"

"ఆడారండీ."

"నవ్వుతా ఆడారు. తాళం ఒక పక్క, జతి ఒక పక్క పోతా ఉంటే ఒక్క పిల్ల అడుగు కూడా తడబడలా. ఒక్కరి మొహం కూడా మారలా. నేను చూస్తానే ఉన్నా. మారింది నీ మొహం ఒకటే."

నిన్నటి నుంచి మిషన్నీ, మరిదినీ, చప్పట్లు కొట్టినవాళ్లనీ తిట్టుకుంటూనే ఉన్నాను గానీ, ఆ పిల్లల వైపు నా ఆలోచనే పోలేదు. రెండేళ్లుగా నా దగ్గర, నా తాళాలకి ఆడుతున్న పిల్లలు. వాళ్లకి ఆ గీత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కోసిన సంగతి వాళ్లలో ఎవరికీ తెలియలేదు.

మాస్టారు చెయ్యి చాపి నా చేతుల్లోంచి తాళాలు తీసుకున్నారు. వాటి తాడు ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకున్నారు.

"అన్నం పెట్టవే" అన్నారు భార్యతో. తర్వాత నా వైపు తిరిగి, "సాయంత్రం నీ పిల్లల క్లాసు ఎన్నింటికమ్మా?" అని అడిగారు.